డబ్బు కట్టి స్కోపస్ పేపర్ వేయించుకోబోతున్నారా? ముందు ఇది చదవండి

థీసిస్ సమర్పించడానికి స్కోపస్ (పరిశోధన పత్రికల అంతర్జాతీయ డేటాబేసు)లో ఉన్న పత్రికలో ఇంకొక్క పేపర్ (పరిశోధన వ్యాసం) తక్కువై, ఎవరో ఇచ్చిన ఏజెంటు నంబరు చేతిలో పెట్టుకుని ఆలోచిస్తున్న స్కాలర్ల కోసం రాస్తున్నాను. ఆ నంబరుకు నేను ఫోన్ చేశాను. 38,000 రూపాయలు పోయాయి. అంతకన్నా నొప్పి ఏమిటంటే, నాలుగేళ్లు కష్టపడి చేసిన పని నా పేరు మీదే అబద్ధంగా అచ్చయింది.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్‌కు ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును, విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నవంబరు నిబంధనల్లో తీసేసింది. మా విశ్వవిద్యాలయం మాత్రం వదలలేదు. రెండు పేపర్లు కావాలి. ఒకటి వచ్చింది, రెండోదాన్ని రెండు పత్రికలు తిప్పి పంపాయి. అప్పుడు మా గైడుగారే నంబరు ఇచ్చారు. "మనకు తెలిసినవాళ్లేనమ్మా, నెల రోజుల్లో వేయించేస్తారు, నా పేరు చెప్పు" అన్నారు. గైడు చెప్పిన తరువాత స్కాలర్ ఎందుకు అనుమానిస్తుంది?

ఏజెంటు వాట్సాప్‌లో ధరల పట్టిక పంపాడు. మొదటి రచయితకు ఒక ధర, రెండో పేరుకు ఇంకొకటి, మూడో పేరుకు మరొకటి. రచయితగా పేరు పెట్టుకోవడానికి ధర ఉందంటే అది పత్రిక కాదు, అంగడి. అక్కడే ఆగవలసింది, ఆగలేదు. పంపే ముందు గైడుగారు మరో రెండు పేర్లు చేర్చమన్నారు. ఒకరు విభాగాధిపతి, మరొకరు ప్రిన్సిపాల్. ప్రిన్సిపాల్‌గారు వీసీ పదవికి దరఖాస్తు పెట్టుకుంటున్నారట, పేపర్ల లెక్క పెరగాలట. ఇద్దరూ నా పనిలో ఒక్క పేజీ చూడలేదు. డబ్బు మాత్రం మొత్తం నాదే.

పదకొండో రోజుకే అంగీకార పత్రం వచ్చింది. సమీక్షకుల వ్యాఖ్య ఒక్కటీ లేదు. పేపర్ వచ్చాక తెరిచి చూస్తే, నేను 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అని రాసిన ప్రతిచోటా 'కౌంటర్‌ఫిట్ కాన్షియస్‌నెస్' అని ఉంది. కృత్రిమ మేధ కాస్తా 'నకిలీ స్పృహ' అయింది! ప్లేజియరిజం (నకలు) రిపోర్టులో శాతం తగ్గించడానికి పేపర్ మొత్తాన్ని పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేశారు. దాంతో రిపోర్టు 8 శాతం చూపించింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం లోపు ఉంటే శిక్షే లేదు కాబట్టి అందరూ సంతోషించారు.

మాటలతో పోతే పోనీ అనుకుందును. మూడో పట్టికలో నాకు వచ్చిన ఫలితం 87.4. అచ్చులో 97.4 అని ఉంది. ఏజెంటును అడిగితే "కొంచెం ఎక్కువ ఉంటేనే నిలబడుతుంది మేడమ్" అన్నాడు. గైడుగారి దగ్గరికి పరుగెత్తాను. "ఎవరు చదువుతారమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంది.

ఇక పత్రిక సంగతి. యూరప్‌లో ఆ పేరుతో నిజమైన పత్రిక ఉంది. ఏజెంటు ఇచ్చిన వెబ్‌సైటు దానికి నకలు. అదే పేరు, పత్రికను గుర్తుపట్టే అదే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు. అసలు పత్రిక సంచికల్లో నా పేపర్ లేదు. వాళ్లిచ్చిన డీవోఐ నంబరు (ఆన్‌లైన్‌లో ఒక్కో పేపర్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) వెతికితే ఏమీ దొరకలేదు. అందుకే చెబుతున్నాను, ఏజెంటు పంపిన లింకు నొక్కకండి. స్కోపస్ వాళ్ల సొంత జాబితాలో పత్రికను వెతికి, ఇంకా కొనసాగుతోందో, తీసేశారో చూసి, ప్రచురణ సంస్థ వెబ్‌సైటుకు మీరే వెళ్లండి. పాత సంచికల్లోంచి నాలుగైదు పేపర్ల డీవోఐలు వెతకండి. "కేర్ లిస్టు జర్నల్" అని ఎవరైనా ఇప్పుడు అమ్మజూపితే నమ్మకండి, తాను గుర్తించిన పత్రికల ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఆపేసింది. నిజమైన పత్రికల్లోనూ ప్రమాదం ఉంది. హిందావి అనే ప్రచురణ సంస్థ పత్రికల నుంచి 2023లో 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకున్నారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద, సమీక్ష విషయంలోనూ రుసుముల విషయంలోనూ రచయితలను మోసగించిందన్న కేసులో, అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది.

పట్టుబడితే ఎవరికి ఏమవుతుందో కూడా తెలుసుకోండి. 2018 నిబంధనల్లోనే ఉంది. థీసిస్‌లో 60 శాతం మించి నకలు దొరికితే స్కాలర్ రిజిస్ట్రేషన్ రద్దు. అదే స్థాయి నకలు అధ్యాపకుడి పేపర్‌లో మొదటిసారి దొరికితే పేపర్ వెనక్కి తీసుకోవాలి, రెండు ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఉద్యోగం ఉంటుంది, కుర్చీ ఉంటుంది. కుమావూ విశ్వవిద్యాలయం వీసీ స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త పేపర్‌ను నకలు కొట్టారని 2002లో బయటపడి, ఆయన రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ పేపర్ మీద ఆయన విద్యార్థి పేరు కూడా ఉంది. మన తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయన శాస్త్ర ప్రొఫెసర్ 2004 నుంచి 2007 వరకు వేసిన సుమారు 70 పేపర్ల నకలు బాగోతం 2008లో ప్రపంచమంతా చదివింది. పెద్దవాళ్ల పేరు పక్కన మీ పేరు ఉండడం రక్షణ అనుకోకండి. నా పేపర్‌లో మొదటి పేరు నాది. 97.4కు జవాబు చెప్పవలసింది నేనే.

పేపర్ తీసేయమని అడిగితే మరో 15,000 కట్టమన్నారు. కట్టలేదు. విశ్వవిద్యాలయంలో ఇలాంటి ఫిర్యాదులు చూసే అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, గైడును మార్చమని అడిగాను. గైడుగారు ఫోన్ ఎత్తడం మానేశారు. బ్యాంకు రసీదు, వాట్సాప్ సందేశాలు, మార్చకముందు నేను పంపిన ఫైలు, ప్రయోగాల అసలు లెక్కలు ఫిర్యాదుతో జతచేశాను. మీకూ అలాంటి ధరల పట్టిక వచ్చి ఉంటే కోపంతో దాన్ని చెరిపేయకండి. ప్యానెల్ నన్ను మొదట అడిగింది దానికోసమే.