ప్రెయిరీ డాగ్‌ వేటకి ఏ తూటా: .22 ఎల్‌ఆర్‌ ఆ, .17 హెచ్‌ఎంఆర్‌ ఆ?

రెండూ చిన్న రైఫిల్ తూటాలే; ముందున్న అంకె తూటా మందం, అంగుళాల్లో. అమెరికా పచ్చిక మైదానాల్లో బొరియలు తవ్వే, ఉడుత జాతికి చెందిన ఈ జీవి బొరియ అంచున నిలబడితే ఛాతీ నాలుగైదు వేళ్ల వెడల్పే.

ఖర్చు: .22 చవక. .17కి రెండుమూడింతలవుతుంది.

వేగం: .22లో 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) తూటా, సెకనుకు సుమారు 1,200 అడుగులు. .17లో 17 గ్రెయిన్లే, 2,550 అడుగులు.

గురి: అసలు తేడా ఇక్కడే. 50 గజాల దూరానికి గురి సరిచేసిన .22 వంద గజాలకు చేరేసరికి అర అడుగు దిగిపోతుంది. తలకి గురిపెడితే పొట్ట దగ్గర తగులుతుంది! .17 దాదాపు తిన్నగా పోతుంది. గాలికి రెండూ జరుగుతాయి, .22 ఎక్కువగా.

రిస్క్: గట్టి సీసం .22 రాయికి తగిలి ఎటైనా ఎగరొచ్చు. ప్లాస్టిక్ మొన .17 చాలావరకు ముక్కలైపోతుంది. వెనక మట్టిగట్టు లేకపోతే మాత్రం రెండూ వద్దు.

50 గజాల్లోపు తలకైతే .22 చాలు. వంద గజాల దగ్గర .17, ఛాతీకి. కూరకి కుందేలు కావాలంటే .22తో తలకే; .17 మాంసాన్ని ఛిద్రం చేస్తుంది.