పన్నెండు టెన్సుల చార్టా, మూడు సహాయక క్రియలా: ముందు ఏది నేర్పాలి?

హనుమకొండలో మా మేడ మీద సాయంత్రం ట్యూషన్‌కు వచ్చేవాళ్లలో డిగ్రీ పిల్లలే ఎక్కువ. పరకాల, నర్సంపేట, జనగామ వైపు ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ గదులు తీసుకుని చదువుకుంటారు. కిందటేడు ఒక అమ్మాయి మొదటి రోజే పన్నెండు టెన్సుల పట్టికను ఒక్క తప్పు లేకుండా బోర్డు మీద రాసింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతి రోజు "నిన్న ఎందుకు రాలేదు బిడ్డా, ఇంగ్లీషులో చెప్పు" అన్నాను. "ఐ యామ్ నాట్ కేమ్ మేడమ్, ఫీవర్" అంది. చార్టు మొత్తం నోటికొచ్చిన పిల్లకు చెప్పాల్సిన ఒక్క వాక్యం రాలేదు. చార్టుతో మొదలుపెట్టాలా, సహాయక క్రియలతోనా అని నేను పట్టుదలగా ఆలోచించడం ఆ రోజు నుంచే.

చార్టును నేను తీసిపారెయ్యను. మూడు కాలాలు, ఒక్కో కాలానికి నాలుగు రూపాలు, మొత్తం పన్నెండు గడులు. అంతా ఒక్క పేజీలో కనిపిస్తుంది. పరీక్షలో టెన్స్ పేరు అడిగితే చార్టు చదివినవాళ్లు టక్కున చెప్తారు. యాక్టివ్ నుంచి పాసివ్‌కు మార్చేటప్పుడూ అదే అక్కరకొస్తుంది. పన్నెండింటిలో ఎనిమిదింటికే బడిలో పాసివ్ నేర్పుతారు, ఆ ఎనిమిది ఏవో పట్టికలో గుర్తు పెట్టుకోవడం తేలిక.

ఇబ్బంది వేరే చోట ఉంది. చార్టులో అన్నీ అవును వాక్యాలే ఉంటాయి. "షి వర్క్స్", "షి వర్క్డ్" అని సింపుల్ గడులు రెండూ సాఫీగా కనిపిస్తాయి, వాటిలో సహాయక క్రియే లేదు. కానీ కాదని చెప్పాలన్నా, ప్రశ్న అడగాలన్నా ఎక్కడి నుంచో డు, డజ్, డిడ్ ఊడిపడతాయి. రోజూ మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం ఈ రెండు గడులవే, వాటికి కావాల్సిన పనిముట్టు మాత్రం పట్టికలో కనపడదు. మా పిల్ల తడబడింది సరిగ్గా అక్కడే. ఇంకోటి, పట్టికలో గడులన్నీ ఒకే సైజు. సింపుల్ పాస్ట్‌కు ఎంత చోటో, ఏడాదికోసారి కూడా నోట రాని ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌కూ అంతే చోటు. పిల్లలు రెండింటికీ ఒకే టెన్షన్ పడతారు.

రెండో దారి బి (యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్), హ్యావ్ (హ్యాజ్, హ్యాడ్), డు (డజ్, డిడ్) అనే మూడు సహాయక క్రియల కుటుంబాలతో మొదలవుతుంది. బి తర్వాత "ఈటింగ్" లాంటి ఇంగ్ రూపం, హ్యావ్ తర్వాత వి త్రీ, అంటే "ఈటెన్" లాంటి మూడో రూపం, డు తర్వాత వి వన్, అంటే "ఈట్" లాంటి మొదటి రూపం. పాసివ్‌లో మాత్రం బి తర్వాత కూడా వి త్రీయే, "వేయిస్తంభాల గుడి వాజ్ బిల్ట్ ఇన్ 1163" అన్నట్టు. క్యాన్, విల్, మస్ట్ లాంటివి వచ్చినా వాటి పక్కన వి వన్నే. వీటన్నిటి మీద ఒక్క సూత్రం చాలు: వరుసలో మొదట ఉన్న సహాయక క్రియే బరువంతా మోస్తుంది. కాలాన్ని బట్టి మారేది అదే, నాట్ తగిలేది దానికే, ప్రశ్నలో ముందుకు దూకేదీ అదే. "షి హ్యాజ్ బీన్ వర్కింగ్" ఎంత పొడుగున్నా "హ్యాజ్ నాట్ బీన్ వర్కింగ్", "హ్యాజ్ షి బీన్ వర్కింగ్?" అంతే. సహాయక క్రియ లేని చోట డును తెచ్చి నిలబెడతాం. వాక్యం చివర "హ్యాజంట్ షి?" అని తగిలించే క్వశ్చన్ ట్యాగులు కూడా ఇదే సూత్రంతో వచ్చేస్తాయి, వేరే పాఠం అక్కర్లేదు.

నేను ఈ దారి వైపు మొగ్గడానికి అసలు కారణం మన మాటే. వరంగల్ పిల్లలు ఇంట్లో "వాడు వస్తలేడు" అంటారు. "వాడు ఇంట్ల లేడు" అన్నప్పుడు ఏ లేడు ఉందో, అదే లేడు వస్త పక్కన చేరింది. "హి ఈజ్ నాట్ ఎట్ హోమ్", "హి ఈజ్ నాట్ కమింగ్" కూడా అచ్చం అలాగే కుదురుతాయి. నేను వస్తలేను, వాళ్లు వస్తలేరు అని మనిషిని బట్టి మారినట్టే యామ్, ఈజ్, ఆర్ మారతాయి. పుస్తకాల తెలుగులో "రావడం లేదు" అని రాస్తాం. అందులో ఈ పోలిక దాగిపోతుంది, ఎవరికైనా ఒకే లేదు. ఇంటి మాటను బడి బయట విడిచి రమ్మని చెప్పే పంతుళ్లు ఈ ఒక్క సంగతి చూడాలని నా కోరిక.

ఇక జరిగిపోయిన పని. "తిన్నడు"కు కాదని చెప్పాలంటే "తినలే" అంటాం. "తిన్నడు లే" అని ఎవరూ అనరు. లే వచ్చిందంటే క్రియ మీది కాలం గుర్తు పోయి ఒట్టి తిన మిగులుతుంది. నేనైనా తినలే, వాడైనా తినలే, వాళ్లైనా తినలే, మార్పు లేదు. డిడ్ నాట్ చేసేదీ అదే: ఎవరికైనా డిడ్ ఒక్కటే, "ఏట్" పోయి "ఈట్" వస్తుంది. "ఐ డిడ్ నాట్ కేమ్" అన్నప్పుడల్లా "అది వచ్చిన లే అన్నట్టుంది బిడ్డా" అంటాను. వాళ్లే నవ్వి దిద్దుకుంటారు. ఒక్క చోట జాగ్రత్త కావాలి. ఆడపిల్ల గురించి చెప్పేటప్పుడు "ఆమె వస్తలేదు", "ఆమె రాలేదు" రెండూ లేదుతోనే ముగుస్తాయి. అప్పుడు ఆమెను తీసి నేను పెట్టి చూడమంటాను. వస్తలేను అయితే బి, రాలే అయితే డిడ్.

మన మాట సాయం చేయని చోట్లూ ఉన్నాయి, అక్కడ చార్టుకే నా ఓటు. "రోజూ వస్త", "రేపు వస్త" రెండింటికీ మనకు ఒకటే రూపం. అందుకే పిల్లలు "ఐ విల్ కమ్ డైలీ" అంటారు. మనం "తిన్న" అనే ఒక్క మాటతో సరిపెట్టేదాన్ని ఇంగ్లీషు "ఏట్", "హ్యావ్ ఈటెన్" అని విడదీస్తుంది. ఇక్కడ గడులు పక్కపక్కన పెట్టి చూపిస్తేనే తేడా తెలుస్తుంది. "ఐ హ్యావ్ సీన్ రామప్ప" సరే. యునెస్కో గుర్తింపు వచ్చిన ఏడాదే చూశానని చెప్పాలంటే "ఐ సా రామప్ప ఇన్ 2021" అనాలి. ముగిసిపోయిన కాలం పేరు వాక్యంలోకి వస్తే హ్యావ్ తప్పుకోవాలి. దీనికి ఒక వారమైనా పడుతుంది, తొందర పెట్టకూడదు.

మూడో దారి అని కొందరు రెడీమేడ్ వాక్యాలు వందల కొద్దీ బట్టీ పట్టిస్తారు. ఇంటర్వ్యూ వారంలో ఉంటే అంతవరకు పనికొస్తుంది. అడిగేవాళ్లు ప్రశ్న కొంచెం మార్చితే నోరు ఆగిపోతుంది.

పదో తరగతి పరీక్ష రెండు నెలల్లో ఉన్న పిల్లకు చార్టే ముందు ఇవ్వండి, మార్కులు దానిలో ఉన్నాయి. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లాల్సిన డిగ్రీ పిల్లకైతే ఖాయంగా సహాయక క్రియలే ముందు. చిన్న తరగతులకూ నా మాట అదే. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆ పిల్లలు పాఠం వింటూ "నాకు అర్థం కాలేదు" అని చెప్పగలగాలి. దానికి కావాల్సింది డిడ్ నాట్, గడి పేరు కాదు.

మా మేడ మీద ఇప్పుడు మొదటి రెండు వారాలు డు, బి తేడాయే నడుస్తుంది. వాళ్ల ఊరి మాటలోనే వాక్యం చెప్పి, లే ఎక్కడుందో వెతికి, ఆ తర్వాతే ఇంగ్లీషు చేస్తారు. మూడో వారం హ్యావ్. నాలుగో వారం ఖాళీ చార్టు గోడకు అంటిస్తాను, గడులు వాళ్లే నింపుతారు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ గడి మాత్రం నేనే నింపి, "పేపర్ల కనిపిస్తే గుర్తుపట్టుండ్రి, సాలు" అని చెప్తాను.