చిత్తూరు చర్చిలో ఆదివారం ఉదయం, తిరుపతిలో అదే రోజు సాయంత్రం

చర్చిని బయట నుంచి చూడటమే తప్ప, ఆరాధన జరుగుతుండగా లోపల కూర్చున్నది లేదు, నేనూ మా ఆవిడా. నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక సొంతూరు చిత్తూరులో స్థిరపడ్డారు. "ఈసారి కొండకొస్తే ఆదివారం మా చర్చికి రాండి, భోంచేసి పోదురు" అని ఎన్నాళ్లుగానో పిలుస్తున్నారు. శనివారం శ్రీవారి దర్శనం చేసుకుని, మర్నాడు బయల్దేరాం.

తిరుపతిలో బస్టాండు ఎదురుగా ఉన్న టీటీడీ వారి శ్రీనివాసంలో దిగాం. గది సాదాసీదాగా ఉన్నా శుభ్రంగా ఉంది. పొద్దున్నే బస్సెక్కాలంటే అంతకంటే వీలైన చోటు లేదు. చిత్తూరు 70 కిలోమీటర్లు. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. కాణిపాకం దగ్గర్లోనే ఉంది కదా అని దారిలో దిగకండి, చర్చి టైము దాటిపోతుంది. వినాయకుణ్ణి మధ్యాహ్నం చూసుకోవచ్చు.

మాస్టారిది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి. మేం వెళ్లేసరికి తమిళ ఆరాధన అయిపోయి జనం బయటికి వస్తున్నారు, తెలుగు ఆరాధనకి వచ్చినవాళ్లు వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. రెండు గుంపులూ ఒకరినొకరు రెండు భాషల్లోనూ పలకరించుకుంటున్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకి కేంద్రం. 1853లో అమెరికన్ మిషనరీలైన స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ ఇటు చిత్తూరు, మదనపల్లె, అటు వేలూరు, రాణిపేట అన్నిచోట్లా పనిచేసింది. జిల్లాలూ రాష్ట్రాలూ విడిపోయినా చర్చి గుమ్మం దగ్గర ఆ రెండు భాషలూ ఇంకా కలిసే ఉన్నాయి.

చెప్పులు బయట విప్పాలి. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుంటారు. మా ఆవిడ ఒక్కతే అటు వెళ్లాల్సి వచ్చినప్పుడు నాకు కాస్త బెంగే అనిపించింది. కానీ ఆమె ఇంకా నిలబడి ఉండగానే ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చి, "కూర్చో నాయనా, నా పక్కనే ఉండు" అని కీర్తనల పుస్తకంలో పేజీ తీసి చేతికిచ్చింది. ఆ తర్వాత గంటన్నరా ఆవిడ చేసిన పని అదొక్కటే. పాట మారినప్పుడల్లా పేజీ తీయడం, ఎప్పుడు నిలబడాలో మోచేత్తో చిన్నగా తట్టి చెప్పడం. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చారు అని ఒక్క ప్రశ్న లేదు. కొత్తవాళ్లని ఆదరించడమంటే నా దృష్టిలో ఇదే.

మా ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. ప్రతి కీర్తన మీదా రాగం, తాళం అచ్చేసి ఉండటం చూసి రెండో చరణానికల్లా గొంతు కలిపేసింది. వాద్యాలంటే ఒక హార్మోనియం, ఒక తబలా, అంతే.

నేను మర్చిపోలేనిది 'సమాధానం' ఇచ్చిపుచ్చుకోవడం. ఇక్కడ సమాధానం అంటే శాంతి. అయ్యగారు, అంటే పాస్టరు, ముందు వరసలో ఉన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు, వాళ్లు తమ వెనకవాళ్లవి, అలా మనిషి నుంచి మనిషికి చివరి బెంచీ దాకా వచ్చింది. ఇది నమస్కారమూ కాదు, షేక్‌హ్యాండూ కాదు. మన రెండు అరచేతుల మధ్యకి ఎదుటివారి కుడిచెయ్యి వస్తుంది, వారి ఎడమచెయ్యి పైన మూతలా కప్పుతుంది. నా పక్కాయన చేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. ఇచ్చాక ఊరుకోలేదు, మీరు పక్కవారికివ్వండి అని కళ్లతోనే చెప్పారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి సీఎస్ఐ ఏర్పడింది. 1950లో తయారైన వారి ఆరాధన క్రమంలోకి ఈ పద్ధతి కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి వచ్చిందట. మాస్టారు భోజనాల దగ్గర చెప్పారు.

ఆ తర్వాత ప్రభు భోజనం. రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం పొందినవాళ్లకే. మేం బెంచీలోనే కూర్చున్నాం, ఎవరూ వింతగా చూడలేదు. కానుక సంచి వచ్చినప్పుడు వేయాలనిపిస్తే వేయొచ్చు, లేకపోతే పక్కకి అందిస్తే చాలు. ప్రసంగం మాత్రం సాగింది, ఫ్యాన్ల చప్పుడులో వెనక బెంచీలకి సగమే వినిపించింది. మైకు సంగతి వాళ్లు చూసుకోవాలి.

మాస్టారింట్లో రాగి సంగటి, వేరుశెనగ పచ్చడి, నాటుకోడి పులుసు. అంతకంటే ఆ భోజనం గురించి చెప్పను, మళ్లీ ఆకలేస్తుంది.

సాయంత్రం తిరుపతి చేరాక, మాస్టారి బంధువు ఒకబ్బాయి వాళ్ల ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లాడు. కొత్త హాలు, ఏసీ, కీబోర్డు, డ్రమ్స్. గుండె అదిరేంత సౌండు. కుర్రవాళ్లు చాలా బాగా పాడారు, అది ఒప్పుకోవాలి. కానీ మధ్యలో "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అన్నారు. పేరు, ఊరు మైకులో చెప్పించారు, చప్పట్లు కొట్టారు, ఫోను నంబరు రాసి ఇమ్మన్నారు. ప్రేమతోనే చేశారని తెలుసు. మా ఆవిడ మాత్రం ఆ తర్వాత పాట మీద మనసు పెట్టలేకపోయింది. ఊరికే చూద్దామని వచ్చినవాడు, దుఃఖంలో ఉండి ఒక మూల కూర్చుందామని వచ్చినవాడు, వీళ్లందరికీ ఆ మైకు భారమే. నిర్వాహకులు ఒక్కసారి ఆలోచించాలని నా మనవి. చివర్లో అందరికీ పెట్టిన పులిహోర, పెరుగన్నం దగ్గర మాత్రం తీరుబడిగా మాట్లాడుకున్నాం. అక్కడ వాళ్ల ఆప్యాయత బాగా తెలిసింది.

మొదటిసారి వెళ్లేవాళ్లు తెలిసినవారు ఒకరున్న పాత సంఘంతో మొదలుపెట్టండి, పది నిమిషాలు ముందే వెళ్లి వెనక నుంచి రెండో మూడో వరసలో కూర్చోండి. మరీ చివర కూర్చుంటే ఎప్పుడు లేవాలో చూసి తెలుసుకోవడానికి ముందున్నవాళ్లు సరిగ్గా కనపడరు. మాస్టారు ఈసారి కోత పండుగకి రమ్మన్నారు. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్లు, ఎవరింట్లో పండినవి వాళ్లు తెచ్చి చర్చి ఆవరణలోనే వేలం వేస్తారట. తేదీ తెలియగానే శ్రీనివాసంలో గది బుక్ చేయాలి.