హారం దగ్గరే చిక్కంతా: ఇన్‌ఫీల్డర్ల రేంజ్ లెక్కలతో నా పదిహేనేళ్లు

ముందే చెప్పేస్తాను. బేస్‌బాల్‌లో బేస్‌ల దగ్గర నిలబడే నలుగురు ఫీల్డర్లని ఇన్‌ఫీల్డర్లంటారు, వాళ్లు ఎంత దూరంలోని బంతిని అందుకోగలరన్నదే రేంజ్. దాన్ని కొలిచే అంకెలన్నిట్లోనూ లవం సులభం, హారం కష్టం. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) ఎన్ని అవుట్లు చేశాడో స్కోర్‌కార్డు పట్టుకున్న కుర్రాడెవరైనా లెక్కపెట్టేస్తాడు. అసలు ఎన్ని చేయాల్సింది అన్న దగ్గరే గొడవంతా. పదిహేనేళ్లకి పైగా ఈ అంకెలు వాడుతున్నాను. మిత్రులతో ఆడే సిమ్యులేషన్ లీగ్‌లో ఆటగాళ్లని ఎంచుకోవడానికి కొంత, వాదనల్లో నెగ్గడానికి ఎక్కువ. ఒకదాన్ని వదిలి ఇంకోదానికి మారిన ప్రతిసారీ మారింది హారమే.

మొదట్లో అందరిలాగే ఫీల్డింగ్ పర్సెంటేజ్ చూసేవాణ్ని. పుటౌట్లు (తానే పూర్తిచేసిన అవుట్లు), అసిస్టులు (తను అందించగా ఇంకొకరు పూర్తిచేసినవి) కలిపి, వాటికి ఎర్రర్లు (చేయాల్సిన అవుటు చెడగొట్టినవి) కూడా చేర్చిన మొత్తంతో భాగిస్తే వచ్చేది అది. దానిలో లోపం తెలియడానికి ఎక్కువ కాలం పట్టదు. క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినవాణ్ని తిట్టిపోస్తాం, అసలు క్యాచ్ దగ్గరికే చేరుకోలేనివాణ్ని ఏమీ అనం. ఇదీ అంతే. ఒక షార్ట్‌స్టాప్ 500 బంతులు అందుకుని 10 ఎర్రర్లు చేశాడనుకోండి, .980. అన్నే ఇన్నింగ్స్‌లో ఇంకొకడు 530 బంతుల దాకా వెళ్లి 14 ఎర్రర్లు చేస్తే .974. పట్టికలో మొదటివాడు పైన ఉంటాడు. కానీ రెండోవాడు 26 అవుట్లు ఎక్కువ చేశాడు. చేతులు ఎంత నమ్మకమైనవో చెప్పే అంకె ఇది, కాళ్ల సంగతి దీనికి పట్టదు.

రేంజ్ ఫ్యాక్టర్ నాకు నచ్చింది అందుకే. 1970ల్లో బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. పుటౌట్లు, అసిస్టులు కలిపి ఆటల సంఖ్యతో భాగించడమే. ఇన్నింగ్స్ లెక్క దొరికితే (ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్ కాబట్టి) తొమ్మిదితో గుణించి ఇన్నింగ్స్‌తో భాగిస్తాం. కాగితం, పెన్సిలు చాలు. 1980లో శాన్ డియేగో షార్ట్‌స్టాప్ ఓజీ స్మిత్ 621 అసిస్టులు చేశాడు. ఆ స్థానంలో ఒక సీజన్‌లో అదే ఇప్పటికీ రికార్డు. ఆ ఏడాది అతని రేంజ్ ఫ్యాక్టర్ ఆటకి 5.75. ఇప్పటి షార్ట్‌స్టాప్‌లు నాలుగు దగ్గర తిరుగుతుంటే ఆ 5.75ని చూసి చాలాకాలం మురిసిపోయాను. ఓజీ గొప్పవాడు కాదని కాదు. కానీ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడమే తప్పని ఆలస్యంగా తెలిసింది.

ఎందుకంటే ఆటకి ఒక జట్టు చేయాల్సినవి 27 అవుట్లే. వాటిలో స్ట్రైకవుట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక అవుటైనవి) ఎన్ని పోతే ఫీల్డర్లకి మిగిలేవి అన్ని తక్కువ. 1980లో ఒక జట్టు పిచర్లు (బంతి వేసేవాళ్లు) ఆటకి సగటున అయిదుకన్నా తక్కువమందిని స్ట్రైకవుట్ చేసేవాళ్లు. ఈ మధ్య అది ఎనిమిది దాటింది. 2018లో బేస్‌బాల్ అగ్ర లీగ్ అయిన మేజర్ లీగ్ చరిత్రలో మొదటిసారి హిట్లకన్నా స్ట్రైకవుట్లే ఎక్కువయ్యాయి. మన షార్ట్‌స్టాప్ ఎంత చురుగ్గా ఉంటే మాత్రం, రాని బంతిని ఎలా పడతాడు? దీనికి తోడు, బంతిని నేలమీదకి కొట్టించే పిచర్లు ఎక్కువున్న జట్టులో ఇన్‌ఫీల్డర్ల అంకెలు పెరుగుతాయి. ఎడమచేతి పిచర్లు ఎక్కువైతే కుడిచేతి బ్యాటర్లు బరిలోకి దిగుతారు, బంతులు షార్ట్, మూడో బేస్ వైపు ఎక్కువ వస్తాయి. రేంజ్ ఫ్యాక్టర్‌కి ఇవేవీ తెలియవు. దాని హారంలో ఉన్నది కాలం, అవకాశాలు కావు. ఇక ఫస్ట్ బేస్‌మన్ విషయంలో అది పూర్తిగా వృథా. ఇతరులు విసిరినవి పట్టుకున్న పుటౌట్లే అతని లెక్కలో మూడొంతులు.

అలా జోన్ లెక్కల్లోకి వచ్చాను. గణాంకవేత్త జాన్ డ్యూవన్ 1980ల్లో మొదలుపెట్టిన జోన్ రేటింగ్ అవకాశాన్నే హారంగా తీసుకుంది. మైదానంలో ఫలానా ముక్క షార్ట్‌స్టాప్ బాధ్యత, ఆ ముక్కలోకి వచ్చిన బంతుల్లో ఎన్నిటిని అవుటుగా మార్చాడు అన్నది ప్రశ్న. తర్వాత విశ్లేషకుడు మిచెల్ లిచ్ట్‌మన్ తయారుచేసిన యూజెడ్‌ఆర్ (అల్టిమేట్ జోన్ రేటింగ్) దాన్ని బాగా పదును పెట్టింది. 64 జోన్లు, బంతి ఎంత గట్టిగా వచ్చింది, బ్యాటర్ ఏ చేతివాడు, ఏ మైదానం, ఇవన్నీ చూసి సగటు ఫీల్డర్‌తో పోల్చి, తేడాని పరుగుల్లోకి మారుస్తుంది. ఇన్‌ఫీల్డర్లకి నేలమీద వచ్చే గ్రౌండ్ బాల్స్ మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. పైకి లేచే పాప్ ఫ్లైలు ఎవరైనా పట్టేవే, నేరుగా దూసుకొచ్చే లైన్ డ్రైవ్‌లు ఎక్కువగా అదృష్టం. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఒక సీజన్ మొదటి 40 ఆటల యూజెడ్‌ఆర్ చూసి, మా లీగ్‌లో ఒక షార్ట్‌స్టాప్ కోసం మంచి బ్యాటర్‌ని వదులుకున్నాను. సెప్టెంబరు వచ్చేసరికి అతను సగటుకన్నా కింద ఉన్నాడు. మిత్రులు ఆ పేరు చెప్పి ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు. తప్పు అంకెది కాదు. షార్ట్‌స్టాప్‌కి ఏడాది మొత్తంలో వచ్చే బంతుల్లో అధికభాగం ఎవరైనా చేసే అవుట్లే. మంచివాణ్నీ మామూలువాణ్నీ విడదీసే బంతులు కొన్ని పదులే ఉంటాయి. నలభై ఆటల్లో అవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని. నాలుగు బంతులు అటో ఇటో పోతే కథ తారుమారు. ఈ రకం అంకెలకి మూడు సీజన్లు కలిపి చూడమని తయారుచేసినవాళ్లే చెప్తుంటారు. నేను వినలేదు, అంతే.

డీఆర్‌ఎస్, అంటే డిఫెన్సివ్ రన్స్ సేవ్డ్, 2003 నుంచి దొరుకుతుంది. వీడియో చూసి ప్రతి బంతి దిశ, వేగం, రకం రాసుకునే మనుషుల కష్టం మీద నడిచే లెక్క. ఒక రకం బంతిని పదిమందిలో ముగ్గురే అవుటు చేస్తారంటే, చేసినవాడికి 0.7 కలుస్తుంది, చేయనివాడికి 0.3 పోతుంది. వాదనల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే. షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ అయిదు గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డర్ అవార్డులు) గెలిచాడు. అదే స్థానంలో ఆడిన ఆడమ్ ఎవరెట్ ఒక్కటీ గెలవలేదు. కానీ ఆ ఇద్దరూ ఆడిన ఏళ్లలో బంతి బంతికీ లెక్కవేస్తే ఎవరెట్ షార్ట్‌స్టాప్‌లందరిలో అగ్రశ్రేణిలో, జీటర్ అడుగున కనిపిస్తారు. మూడో బేస్ వైపు లోతుగా వెళ్లి గాల్లోకి ఎగిరి జీటర్ విసిరే ఆ త్రో ఎంత అందంగా ఉన్నా, రెండో బేస్ పక్కనుంచి చేతికందకుండా పోయిన బంతులు వీడియోలో అందంగా ఉండవు. వాటిని ఎవరూ రెండోసారి చూడరు. అంకె చూస్తుంది.

అదే డీఆర్‌ఎస్ 2012లో బోల్తా కొట్టడం కూడా చూశాను. టొరంటో మూడో బేస్‌మన్ బ్రెట్ లోరీ అంకెలు సీజన్ మొదట్లోనే నమ్మశక్యం కానంత ఎత్తుకి పోయాయి. కారణం షిఫ్ట్, అంటే బ్యాటర్‌ని బట్టి ఫీల్డర్లని మామూలు చోటు నుంచి జరపడం. ఎడమచేతి హిట్టర్లు వచ్చినప్పుడు జట్టు అతన్ని తీసుకెళ్లి కుడివైపు, రైట్ ఫీల్డ్ ముందు నిలబెట్టేది. అక్కడికి వచ్చిన బంతిని అతను మామూలుగానే పట్టేవాడు. లెక్కకి మాత్రం అతను మూడో బేస్ నుంచి మైదానం దాటి పరుగెత్తుకొచ్చినట్టు కనిపించేది. ఏ మూడో బేస్‌మనూ అక్కడ అవుటు చేయడు కాబట్టి బోలెడు మార్కులు! తర్వాత షిఫ్ట్ బంతుల్ని పక్కన పెట్టారు. 2020లో మొత్తం పద్ధతినే మార్చి, నిలబెట్టిన చోటు వల్ల వచ్చే లాభాన్ని జట్టు ఖాతాలో, రేంజ్‌నీ త్రోనీ ఆటగాడి ఖాతాలో విడివిడిగా వేస్తున్నారు. నా దృష్టిలో ఆ విడదీయడమే డీఆర్‌ఎస్‌లో ఇప్పుడు అన్నిటికన్నా పనికొచ్చే భాగం. కాళ్లు బాగుండి చెయ్యి బలహీనమైన ఆటగాణ్ని అది వెంటనే పట్టిస్తుంది.

ఈ లోరీ వ్యవహారం తర్వాత నాకో పట్టుదల వచ్చింది, నేనే చూసి రాసుకుంటానని. ఒక సీజన్‌లో కొన్ని పదుల ఆటలు వీడియో ఆపి ఆపి, షార్ట్‌స్టాప్ ఎక్కడ నిలబడ్డాడో గీసుకుందామని కూర్చున్నాను. మొదటి సాయంత్రమే తెలిసొచ్చింది, కుదిరే పని కాదని. టీవీలో పిచ్ వేసేటప్పుడు కనిపించేది సెంటర్ ఫీల్డ్ కెమెరా దృశ్యం. పిచర్ వీపు, బ్యాటర్, క్యాచర్, అంపైర్. ఇన్‌ఫీల్డర్లు అందులో ఉండరు. బంతి కొట్టాక పైనున్న కెమెరాకి మారేసరికి మొదటి అడుగు అయిపోయి ఉంటుంది. గంటకి 100 మైళ్లతో కొట్టిన బంతి బ్యాట్ నుంచి సెకనుకి 147 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. రేంజ్ అంటే మనం అనుకునేదంతా, ఎక్కడ నిలబడ్డాడు, ఎటు మొదటి అడుగు వేశాడు అన్నవి, ఆ మారే క్షణంలోనే జరిగిపోతుంది. నోట్‌బుక్ సగంలో ఆపేశాను.

అందుకే ఇన్‌ఫీల్డర్లకి అవుట్స్ అబవ్ ఆవరేజ్ 2020 జనవరిలో వచ్చినప్పుడు, సెలవు పెట్టుకుని మరీ పట్టికలు చదివాను. ముద్దుగా ఓఏఏ. దీనికి ఆధారం, బంతినీ ఆటగాళ్ల కదలికల్నీ కొలిచే స్టాట్‌కాస్ట్. ఆ యంత్రాంగం 2015 నుంచి అన్ని మేజర్ లీగ్ మైదానాల్లో ఉంది. 2020లో రాడార్ స్థానంలో హాక్‌ఐ కెమెరాలు వచ్చాయి. జోన్లు లేవు, వీడియో చూసి గట్టిగా కొట్టాడా మెల్లగా కొట్టాడా అని రాసే మనిషీ లేడు. ఫీల్డర్ బయల్దేరిన చోటు నుంచి బంతిని అడ్డుకోగలిగే చోటుకి ఎంత దూరం, దానికి ఎంత సమయం ఉంది, అక్కణ్నుంచి విసరాల్సిన బేస్ ఎంత దూరం, పరుగెత్తే బ్యాటర్ ఎంత వేగగాడు అన్నవి చూసి అవుటు అవకాశం ఎంత శాతమో కడుతుంది. 25 శాతం అవకాశమున్న బంతిని అవుటు చేస్తే 0.75 కలుస్తుంది, వదిలేస్తే 0.25 పోతుంది. ఇన్‌ఫీల్డ్‌లో ఒక్కో అవుటుకి 0.75 పరుగు చొప్పున మారుస్తారు. పైన చెప్పిన 26 అవుట్ల తేడా దాదాపు 20 పరుగులన్నమాట.

వాడకంలో నాకు బాగా నచ్చింది దిశల వారీ పట్టిక. ముందుకి, వెనక్కి, మూడో బేస్ వైపు, ఒకటో బేస్ వైపు విడివిడిగా చూపిస్తుంది. మొత్తం సున్నా ఉన్న ఇద్దరు షార్ట్‌స్టాప్‌ల్లో ఒకడు ముందుకొచ్చే మెల్లటి బంతుల్లో దిట్ట, ఇంకొకడు ఎడమవైపు కదలడంలో. పక్కనున్న ఆటగాణ్ని బట్టి ఎవరు కావాలో తేల్చుకోవచ్చు. ముక్కలు చేసేకొద్దీ బంతుల సంఖ్య తగ్గుతుందని మాత్రం మర్చిపోకూడదు. నలభై ఆటల పాఠం ఇక్కడ రెట్టింపు.

నాకున్న పెద్ద ఫిర్యాదు వేరు. ఓఏఏ లెక్క ఫీల్డర్ నిలబడిన చోటు నుంచే మొదలవుతుంది. అక్కడ ఎందుకు నిలబడ్డాడన్నది దానికి అనవసరం. ఇప్పటి ఆటలో అది చాలావరకు న్యాయమే. జట్టు విశ్లేషకులు తయారుచేసిన కార్డు జేబులోనో టోపీలోనో పెట్టుకుని, దాని ప్రకారం నిలబడే కాలం ఇది. కానీ 1980ల నాటి షార్ట్‌స్టాప్ కాల్ రిప్‌కెన్‌ని తలుచుకోండి. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, అంత చురుకైన కాళ్లేమీ కావు. 1984లో 583 అసిస్టులు, అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) షార్ట్‌స్టాప్ రికార్డు. క్యాచర్ సైగలు చూసి, పిచర్ ఏం వేస్తున్నాడో, బ్యాటర్ ఎటు కొడతాడో ముందే ఊహించి రెండడుగులు జరిగి నిలబడేవాడు. ఆ రెండడుగులు అతని సొంత బుర్ర. ఓఏఏ ఆనాడు ఉండుంటే అతను అందుకున్న బంతుల్లో చాలావాటిని తేలికైనవిగా రాసేసేది. రేంజ్ ఫ్యాక్టర్ అంత మోటు కొలతే అయినా, ఆ తెలివిని పారేయలేదు. కనీసం లవంలో చేర్చింది. పాత ఆటగాళ్ల విషయంలో నేను దాన్ని పూర్తిగా వదలకపోవడానికి కారణం ఇదే. కాకపోతే ఆ ఏటి లీగ్ సగటు పక్కన పెట్టుకునే చూస్తాను.

2023 నుంచి నియమం మారింది. పిచ్ వేసే సమయానికి రెండో బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు, నలుగురి పాదాలూ ఇన్‌ఫీల్డ్ హద్దులోనే ఉండాలి. సెకండ్ బేస్‌మన్ రైట్ ఫీల్డ్ గడ్డి మీద నిలబడే రోజులు పోయాయి. దాంతో కాళ్లకి మళ్లీ పని పెరిగింది. షిఫ్ట్ కాలపు అంకెలకన్నా 2023 తర్వాతి వాటిని సెకండ్ బేస్‌మన్ విషయంలో కొంచెం ఎక్కువ నమ్ముతున్నాను.

డీఆర్‌ఎస్, ఓఏఏ పోట్లాడుకోవడం మామూలే. గణాంకాల సైట్లలో ఫాన్‌గ్రాఫ్స్ తన వార్ (ఆటగాడి మొత్తం విలువ చెప్పే అంకె) లెక్కలో ఇటీవలి సీజన్లకి ఓఏఏ వాడుతుంది, బేస్‌బాల్ రిఫరెన్స్ డీఆర్‌ఎస్ వాడుతుంది. ఒకే ఆటగాడు ఒకచోట గొప్పగా, ఇంకోచోట మామూలుగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. రెండూ ఒకే మాట చెప్తే నమ్ముతాను. విడిపోతే డీఆర్‌ఎస్‌లో త్రో భాగం తెరిచి చూస్తాను, తేడా సగంసార్లు అక్కడే దొరుకుతుంది. ఫస్ట్ బేస్‌మన్లకి మాత్రం ఏదీ పెద్దగా పట్టించుకోను. రన్నర్‌ని కాపలా కాస్తూ బేస్‌కి అంటుకుని నిలబడేవాడి రేంజ్‌ని ఏం కొలుస్తాం? నేలకి తగిలి వచ్చే చెడ్డ త్రోలని అతను తవ్వి తీసిన సంగతి ఈ రేంజ్ లెక్కల్లో ఎలాగూ కనిపించదు.

ఈ మధ్య స్టేడియానికి వెళ్తే ఖరీదైన కింది వరుసలు వద్దనుకుని, హోమ్ ప్లేట్ వెనక పై అంతస్తులో సీటు తీసుకుంటున్నాను. బంతి చిన్నదిగా కనిపిస్తుంది, పిచ్ ఏమిటో సరిగా తెలియదు. కానీ పిచర్ చెయ్యి కదిలే సమయానికి షార్ట్‌స్టాప్ మడమలు లేచి, ఒక చిన్న అడుగు ఎడమకి పడటం అక్కణ్నుంచి కనిపిస్తుంది.