టక్‌మని అంటుకుంది సరే, ఛార్జ్ ఎక్కుతోందా?

ఇంటర్ పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. 2022లో ఐదో తరం ఐప్యాడ్ ఎయిర్ ట్యాబ్, దానితోపాటు దాని స్క్రీన్ మీద రాసే స్టైలస్ (డిజిటల్ పెన్ను), రెండో తరం యాపిల్ పెన్సిల్ కొన్నాను. అప్పటినుంచి వారానికి ఆరు రోజులు, రోజుకి మూడు గంటలకి తక్కువ కాకుండా వీటితోనే పని. రాత ఎలా ఉంది, గీత ఎంత నున్నగా వస్తోంది లాంటివి కొన్న వారంలోనే అందరూ రాసేస్తారు. నేను రాస్తున్నది పెన్సిల్ చేతిలో లేనప్పటి సంగతి. ట్యాబ్ పక్కన అంటించాక అది సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది? కొనేటప్పుడు ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

ముందు ఏర్పాటు చెబుతాను. ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే కుడి అంచు మధ్యలో పెన్సిల్ చోటు. పెన్సిల్‌కి ఒకవైపు చదునుగా చెక్కినట్టు ఉంటుంది. ఆ వైపు అంచుకి దగ్గరగా తెస్తే అయస్కాంతం లాగేసి తన చోట్లో తనే కూర్చోబెట్టుకుంటుంది. టక్‌మని చప్పుడు. స్క్రీన్ పైన చిన్న బ్యానర్ వచ్చి పెన్సిల్ పేరు, ఎంత శాతం ఛార్జ్ ఉందో చూపించి మాయమైపోతుంది. మొదటిసారి ట్యాబ్‌తో జత కలిసేదీ అక్కడే, ఛార్జ్ ఎక్కేదీ అక్కడే. మొన ఎటువైపు ఉన్నా ఫరవాలేదు. 2015లో వచ్చిన మొదటి పెన్సిల్‌కి వెనక మూత తీసి, ట్యాబ్ ఛార్జింగ్ రంధ్రంలో గుచ్చాల్సి వచ్చేది. మా తోటి లెక్చరర్ ఒకాయన దగ్గర అదే ఉండేది, ఆయన క్లాసు కన్నా ఆ మూత కోసం వెతుకులాట ఎక్కువ. ఆ లెక్కన మాది సుఖమే.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండో ఏడాది పాత కవరు చిరిగిపోతే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఒకటి తెప్పించాను. పెన్సిల్ జారిపోకుండా పైనుంచి మూసే పట్టీ కూడా ఉందని ముచ్చటపడ్డాను. వారం తిరక్కముందే క్లాసు మధ్యలో, ఒక సమాకలనాన్ని పాక్షిక భిన్నాలుగా విడగొట్టి మూడో లైన్లో ఉండగా గీత ఆగిపోయింది. "సార్, మీ మాట వినిపిస్తోంది గానీ బోర్డు మీద ఏమీ పడట్లేదు" అన్నాడు ఒక కుర్రాడు. చూస్తే పెన్సిల్‌లో చార్జ్ సున్నా. రాత్రంతా ట్యాబ్‌కి అంటించే ఉంచాను కదా అని నా ధైర్యం! మిగతా అరగంట వేలితో రాశాను. నా ఇంటిగ్రల్ గుర్తు వానపాములా వచ్చింది. పిల్లలు నవ్వు ఆపుకున్నారు, కొందరు ఆపుకోలేదు.

కారణం కవరే. దాని అంచు పెన్సిల్‌కీ ట్యాబ్‌కీ మధ్య అడ్డంగా వచ్చింది. అంత మందం దాటి అయస్కాంతం లాగగలదు, కాబట్టి టక్‌మని అంటుకుంది. ఛార్జ్ మాత్రం వైరు లేకుండా ఒక తీగచుట్ట నుంచి ఇంకో తీగచుట్టకి అందాలి. ఆ రెండూ ఎదురెదురుగా, బాగా దగ్గరగా ఉండాలి. కాస్త ఎడం వచ్చినా, పక్కకి జరిగినా అంతే సంగతులు. మా ఇంట్లో ఈ పెన్సిల్ ఫ్రిజ్ తలుపుకీ అంటుకుంటుంది, అంతమాత్రాన ఫ్రిజ్ దానికి ఛార్జ్ ఎక్కిస్తుందా? తప్పు నాది కూడా ఉంది. కొత్త కవరు వేశాక బ్యానర్ రావడం మానేసింది. చప్పుడు వింటున్నాను గానీ స్క్రీన్ వైపు చూడనే లేదు.

అప్పటినుంచి చెవిని నమ్మడం మానేశాను. స్క్రీన్ వెలిగి ఉండగా అంటిస్తాను, శాతం కనిపించే దాకా చెయ్యి తియ్యను. బ్యానర్ రాకపోతే తీసి, తుడిచి, మళ్లీ పెడతాను. అయితే బ్యానర్ వచ్చేది అంటించిన క్షణంలోనే. తర్వాత బ్యాగులో పుస్తకాల తోపులాటకి పెన్సిల్ పక్కకి జరిగితే దాని కబురు ఉండదు. అందుకని హోమ్ స్క్రీన్ మీద బ్యాటరీల విడ్జెట్ పెట్టుకున్నాను. పెన్సిల్ ఛార్జ్ అవుతుంటే అందులో మెరుపు గుర్తు కనిపిస్తుంది. పడుకునే ముందు గ్యాస్ కట్టేశామా అని చూసుకున్నట్టు ఇదీ ఒకసారి చూస్తాను. మా ఆవిడకి నవ్వులాటగా ఉంది.

ఏ కంపెనీ స్టైలస్ అయినా సరే, కొనేముందు షాపులో దీని గురించి అడగండి. చూడ్డానికి ఒకేలా అంటుకుంటాయి, పనిలో తేడాలుంటాయి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ యాపిల్ పెన్సిల్ కూడా ట్యాబ్ పక్కన అతుక్కుంటుంది, కానీ అక్కడ ఛార్జ్ ఎక్కదు, నిద్రలోకి పోతుంది అంతే. ఛార్జ్ కావాలంటే వైరు పెట్టాల్సిందే. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్7లో వాళ్ల స్టైలస్ ఎస్ పెన్ పక్క అంచుకీ అతుక్కుంటుంది, వెనకవైపుకీ అతుక్కుంటుంది. ఛార్జ్ అయ్యేది వెనక మాత్రమే, అదీ మొన కెమెరా వైపు ఉండాలి. కాకపోతే ఎస్ పెన్‌కి రాయడానికి ఛార్జ్ అక్కర్లేదు. బటన్ నొక్కి దూరం నుంచి స్లైడ్లు మార్చడం లాంటి బ్లూటూత్ పనులకే కావాలి. కాబట్టి సరిగ్గా పెట్టకపోయినా క్లాసు ఆగదు. ఈ ఒక్క విషయంలో వాళ్లని చూసి నాకు కుళ్లు.

పెన్ను లోపలికి దూర్చే రకాల్లోనూ ఈ తంటా ఉంది. 2015 నాటి గెలాక్సీ నోట్ 5 ఫోన్ గుర్తుందా? పెన్ను లోపల ఉందో లేదో కనిపెట్టే చిన్న మీట దాని గూట్లో ఉండేది. పెన్ను తిరగేసి దూరిస్తే అక్కడ ఇరుక్కునేది. గట్టిగా లాగితే మీట విరిగి, పెన్ను తీశారో పెట్టారో ఫోన్‌కి తెలిసేది కాదు. తర్వాత వచ్చిన నోట్ 7లో పెన్ను తిరగేసి దూరకుండా చేశారు. ఆ పోలికలో అయస్కాంతమే నయం. తప్పుగా పెడితే ఛార్జ్ ఎక్కదు, అంతేగానీ ఏదీ విరగదు.

ఇంకో సంగతి. కారు రిమోట్ తాళంచెవిని ఛార్జ్ అవుతున్న పెన్సిల్ దగ్గర పెడితే కారు తలుపు తెరుచుకోకపోవచ్చని యాపిల్ వాళ్లే చెప్పారు. నాకు స్కూటరే కాబట్టి ఆ టెన్షన్ లేదు, మీకు కారు ఉంటే బ్యాగులో రెండిటినీ ఒకే అరలో వెయ్యకండి. వేసవి సెలవుల్లో పెన్సిల్‌ని డ్రాయర్లో పడేసి మర్చిపోకండి. ఇలాంటి బ్యాటరీలు నెలల తరబడి సున్నా మీద ఉంటే పాడవుతాయి. నేనైతే సెలవుల్లోనూ ట్యాబ్‌కే అంటించి ఉంచుతాను, రోజూ తియ్యకపోయినా.

నన్ను అడిగితే ఏ స్టైలస్‌కైనా ఒంటి మీద ఆవగింజంత లైటు ఒకటి ఉండాలి. ట్యాబ్ తెరవకుండానే తెలిసిపోతుంది.

ఆ చవక కవరుని పారేయడానికి మనసొప్పలేదు. పెన్సిల్ పొడవు 16.6 సెంటీమీటర్లు, ఇంకో సెంటీమీటరు కలుపుకుని ఆ మేర అంచుని బ్లేడుతో కోసేశాను. చూడ్డానికి ఎలుక కొరికినట్టు ఉంది. బ్యానర్ మాత్రం ప్రతిసారీ వస్తోంది.