వీడియోలో అడ్డొచ్చినదాన్ని తీసేయడం: ఆటోమేటిక్ ఫిల్లా, క్లీన్ ప్లేటా?

"వెనకాల లైట్ స్టాండ్ పడింది, ఏ సాఫ్ట్‌వేర్‌తో తీసేయాలి?" అని వారానికొకరైనా అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ఆ స్టాండ్ వెనక ఏముందో షాట్‌లో ఎక్కడైనా, కనీసం ఒక్క ఫ్రేమ్‌లో కనిపిస్తోందా? కనిపిస్తే తెచ్చి అతికించొచ్చు, కనిపించకపోతే పుట్టించాలి. నా లెక్కలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

2019లో అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లోకి కంటెంట్ అవేర్ ఫిల్ (తీసేసిన చోటుని దానంతటదే పూడ్చే టూల్) వచ్చాక అందరూ ముందు దాని మీదే పడుతున్నారు, అందులో తప్పేం లేదు. తీసేయాల్సినదాని చుట్టూ మాస్క్ (హద్దు) గీసి, సబ్‌ట్రాక్ట్‌లో, అంటే లోపలి భాగం పోయేలా పెట్టి (ఇది మర్చిపోయి పనిచేయట్లేదని తిట్టుకునేవాళ్లు బోలెడు మంది), ఫిల్ నొక్కితే పక్క ఫ్రేముల్లోంచి పిక్సెల్స్ ఏరుకొచ్చి ఆ కంత పూడుస్తుంది. గడ్డి, ఇసుక, ఆకాశం, సన్నటి వైరు లాంటి చోట్ల చాలాసార్లు మొదటి దెబ్బకే అయిపోతుంది. కెమెరా కదులుతూ ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే దాగిన భాగం ఏదో ఒక ఫ్రేమ్‌లో బయటపడుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్ స్టూడియోలోని ఆబ్జెక్ట్ రిమూవల్ కూడా దాదాపు ఇదే తరహా.

ఇబ్బంది ఎక్కడంటే, గీతలున్న చోట. మొన్న నాదొక 8 సెకన్ల షాట్, సెకనుకు 25 చొప్పున 200 ఫ్రేములు, స్టాండ్ వెనక ఇటుకల గోడ. ఫిల్ కొట్టాను, ఫోన్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. పెద్ద మానిటర్‌లో పెట్టేసరికి, మాట్లాడే మనిషి చెయ్యి అటు వెళ్లినప్పుడల్లా ఇటుకల మధ్య గీతలు నీళ్లలో ఉన్నట్టు కదులుతున్నాయి. ఒక ఫ్రేమ్‌ని ఫొటోషాప్‌లో బాగుచేసి రిఫరెన్స్‌గా ఇస్తే కొంత సర్దుకుంది గానీ, చెయ్యి అంచుల దగ్గర మాత్రం ఆ కదలిక పోలేదు.

చివరికి క్లీన్ ప్లేట్‌కే వచ్చాను, అంటే అడ్డొచ్చిన వస్తువు లేని ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ. ట్రైపాడ్ మీద తీసిన షాట్ కాబట్టి స్టాండ్ లేని ఒక ఫ్రేమ్ దొరికితే చాలు, నాకు అదే షాట్ మొదట్లో, స్టాండ్ ఇంకా పెట్టకముందు, దొరికింది. దాన్ని ఫ్రీజ్ చేసి, అవసరమైన ముక్క వరకే మాస్క్ వేసి, అంచుకి కాస్త ఫెదర్ ఇచ్చి (అంచు మెత్తగా కలిసిపోయేలా) పైన పెట్టడమే. చెయ్యి దాటే ఆ ముప్పై నలభై ఫ్రేములకు మాత్రం రోటో (చెయ్యి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ మాస్క్ సరిదిద్దడం) చెయ్యక తప్పలేదు, అదే అసలు చాకిరీ. ఇంకో చిన్న మెలిక ఏంటంటే, ఫ్రీజ్ చేసిన ముక్కలో గ్రెయిన్ (వీడియోలో మెదిలే సన్నటి చుక్కలు) కూడా గడ్డకట్టుకుపోతుంది, చుట్టూ ఉన్నది బతికున్నట్టు కదులుతుంటే ఆ ముక్క ఒక్కటీ అట్టముక్కలా కనిపిస్తుంది. అందుకని ముందు ఆ ముక్కలో నాయిస్ తగ్గించి, తర్వాత కదిలే గ్రెయిన్ పైన వేయాలి. మబ్బు పట్టి వెలుతురు మారే షాట్ అయితే ముక్క రంగుకీ కీఫ్రేములు పెట్టుకుని సమయానికి తగ్గట్టు మార్చుకోవాలి.

కెమెరా కదిలితే ఇదే పని మోకా లాంటి ప్లేనార్ ట్రాకర్‌తో (చదునైన ఉపరితలం కదలికని వెంబడించే టూల్) చేస్తాను, ముక్కని గోడకి అతికించినట్టు. గోడ, నేల లాంటి చదునైన వాటికే అది బాగా పట్టుకుంటుంది, లోతు తేడాలుంటే ఒక్కో తలానికి ఒక్కో ముక్క. మోకా ప్రోలో రిమూవ్ అని విడిగా ఉంది, వెనక తలాన్ని ట్రాక్ చేసిస్తే వేరే ఫ్రేముల్లోంచి అదే తెస్తుంది, క్లీన్ ప్లేట్ ఇస్తే దాన్నే వాడుకుంటుంది. టైమ్ పడుతుంది, నిజమే. కానీ తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, అక్కడొక్కటే సరిచేసుకోవచ్చు. ఫిల్‌లో అయితే మాస్క్ కాస్త జరిపినా మళ్లీ జనరేట్ చేసి కూర్చోవాలి.

2023లో వచ్చిన ప్రోపెయింటర్ లాంటి, వీడియోలో ఖాళీలు పూడ్చే ఏఐ టూల్స్ గురించి కూడా అడుగుతున్నారు. చిన్న క్లిప్పులకు పర్లేదు, గ్రాఫిక్స్ కార్డు మెమరీ మాత్రం గట్టిగానే తింటాయి. వస్తువు ఫ్రేమ్ అంచున ఉంటే కాస్త జూమ్ చేసి కోసేయండి, ఇంత తతంగం దేనికి. బ్లర్ కొట్టడం అంటే ఇక్కడ ఏదో ఉందని వేలు పెట్టి చూపించడమే, నేనైతే చెయ్యను.

అన్నట్టు ఆ ఇటుకల గోడ షాట్ పంపేశాక చూసుకున్నాను, స్టాండ్ పోయింది గానీ నేల మీద దాని నీడ అలాగే ఉంది.