అయ్యగారి వీడ్కోలు సంచిక: హనుమకొండ ప్రెస్సు పనితనం

దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) చర్చిలలో గురువులు, అంటే మనం అయ్యగార్లని పిలుచుకునే పాస్టర్లు, ఒకేచోట ఉండిపోరు. బిషప్ గారి ఉత్తర్వు వచ్చిన నాడు ఒక పాస్టరేట్‌ను (ఒక గురువు చూసుకునే సంఘాల పరిధిని) విడిచి మరొక పాస్టరేట్‌కు వెళ్లవలసిందే. అందుకే వీడ్కోలు ఆరాధన, ప్రేమ విందు, వాటితో పాటు ఒక చిన్న సంచిక మన సంఘాలలో పరిపాటి. అటువంటి సంచికలలో పెద్దల సందేశాలు, శుభాకాంక్షల ప్రకటనలు ముందు పేజీలను ఆక్రమించుకుంటే, వెళ్లిపోయే అయ్యగారి మాట చివరి పేజీలో ఎక్కడో ఇరుక్కుంటుంది. వరంగల్ దగ్గరి మా సంఘం హనుమకొండ చౌరస్తా సమీపంలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో వేయించిన సంచిక అలా కాలేదు. ఆ ఘనతలో సగం ప్రెస్సు వారిదే.

అయ్యగారి కృతజ్ఞతా లేఖ చేతిరాతలో తొమ్మిది పేజీలు. బిషప్ గారికి, పాస్టరేట్ కమిటీకి ధన్యవాదాలు నాలుగు పంక్తులలో ముగిశాయి. తక్కినదంతా మనుషుల పేర్లు, వారు చేసిన పనులు: ఆదివారం తెల్లవారకముందే గుడి ఊడ్చి చాపలు పరిచే తల్లి, గంట కొట్టే పెద్దాయన, వానాకాలం బురద దారుల్లో పల్లె ప్రార్థనలకు తమ బండ్ల మీద ఎక్కించుకుని వెళ్లిన యువకులు, కోత పండుగకు తొలి వడ్ల బస్తా మోసుకొచ్చిన కౌలు రైతు, అయ్యగారి భార్య అమ్మగారు జ్వరంతో పడుకున్నప్పుడు పూటపూటకూ గట్క కాచి పంపిన స్త్రీల మైత్రి (సంఘ స్త్రీల సమాజం) సభ్యులు. పౌలు భక్తుడు ఎఫెసు పెద్దలను మిలేతుకు పిలిపించి సెలవు తీసుకున్న అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఈ లేఖ చదువుతుంటే గుర్తుకు రాక మానదు. అయితే పౌలు అక్కడ తాను పడిన శ్రమను జ్ఞాపకం చేశాడు, మా అయ్యగారు సంఘం పడిన శ్రమను జ్ఞాపకం చేశారు.

సంచికను మొదట 16 పేజీలుగా అనుకున్నాము. ప్రకటనలకు చోటు చాలదని కమిటీలో కొందరు లేఖను రెండు పేజీలకు కుదించమన్నారు. ప్రెస్సు యజమాని లేఖ మొత్తం చదివి, “ఎవ్వరి పేరు తీసేస్తరు సార్? తీసేసినోళ్లు రేపు చదువుకోరా?” అని అడిగారు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పుననే పెరుగుతాయి కనుక 20 పేజీలు చేస్తే ఒక్క పేరూ తీయనక్కరలేదని వివరించి, పెరిగిన పేజీలకు కాగితం, ప్లేట్ల ఖర్చు మాత్రమే తీసుకున్నారు. ఆయన క్రైస్తవుడు కాడు, ఆ లేఖ విలువ మాత్రం మాలో కొందరికంటే ముందుగా గ్రహించాడు.

డీటీపీ చేసిన అమ్మాయి శ్రద్ధను ప్రత్యేకంగా చెప్పాలి. మేము ఫోనులో టైపు చేసి పంపిన పాఠం ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లలోకి మార్చేసరికి ఒత్తులు చెదిరిపోతే, వాటిని అక్కడక్కడా అతికించకుండా చేతిరాత ముందు పెట్టుకుని లేఖనంతా మళ్లీ టైపు చేసింది. ఎల్లయ్య, ఎల్లమ్మ, ఏలీయా వంటి పేర్లు పక్కపక్కన వచ్చే చోట మా కార్యదర్శిని కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ పైకి చదివించుకుని సరిచూసింది. అచ్చయిన సంచికలో ఏ పేరులోనూ తప్పు దొరకలేదు.

లోపాలు లేకపోలేదు. అయ్యగారు అభిషేకం పొందిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ చిత్రాన్ని కవరు మీద వేయించాము. బిషప్ అజరయ్య కట్టించగా 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయంలో గుడి, మసీదు శైలులు కలిసిపోయి కనిపిస్తాయి. అచ్చులో రంగు ముదిరిపోవడంతో స్తంభాల మీది చెక్కడం కనిపించకుండా పోయింది. కవరుకు కూడా రంగు ప్రూఫు చూపించి ఉంటే ఇది తప్పేది. శుక్రవారం ఇస్తామన్న ప్రతులు శనివారం రాత్రికి గాని చేతికి రాలేదు. మరునాడే వీడ్కోలు ఆరాధన కావడంతో కమిటీ వారు చాలా ఆందోళన పడ్డారు.

అయినా మరో సంఘం వారు అడిగితే ఈ ప్రెస్సు పేరే చెబుతాను. లేఖను కనీసం పది రోజుల ముందు ఇవ్వండి. ఫొటోలను వాట్సాప్‌లో కాకుండా అసలు ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ప్రతులు కొన్ని ఎక్కువే వేయించండి, ఎందుకంటే లేఖలో పేరున్న ప్రతి ఇంటివారూ బంధువుల కోసం మరొకటి అడుగుతారు. మాకూ చాలలేదు. ఫైలు ప్రెస్సులో భద్రంగా ఉన్నందున రెండోసారి ముద్రణకు ఆర్డరు ఇచ్చాము.